పాత ట్రెడిల్ మీద, జపాన్ పద్ధతి కాగితంతో అచ్చు: సలహా కావాలి

కావలి_ట్రెడిల్

నాది కావలిలో డీటీపీ షాపు. కందుకూరులో మూతపడిన ఒక ప్రెస్సు నుంచి ట్రెడిల్ యంత్రాన్ని, అంటే కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రాన్ని, పాత ఇనుము ధరకే కొని తెచ్చాను. చక్రం తిరుగుతోంది. రోలర్ల మీది పదార్థం మాత్రం కరిగి ఒక పక్కకు జారి గట్టిపడింది. కేసుల్లోని (అక్షరాలు పెట్టే అరల పెట్టెలు) సీసపు అక్షరాల మీద తెల్లటి పొడి కనిపిస్తోంది.

శుభలేఖలు, చిన్న కవితా సంపుటాలు చేతి కాగితం మీద వేయాలని కోరిక. జపాన్‌వాళ్లు చేత్తో చేసే వాషీ కాగితం ధర చూస్తే కళ్లు తిరిగాయి, అందుకే తయారీ నేర్చుకుందామనుకుంటున్నాను. మా చుట్టూ సుబాబుల్, జామాయిల్ తోటలే. మిల్లులకు పనికొచ్చేవి నాకు పనికిరావా? మే ఎండల్లో ఈ పని సాగుతుందా?

పాత_కంపోజిటర్, ఒంగోలు

ముందు ఆ తెల్ల పొడి సంగతి చూడండి. అది సీసానికి పట్టిన తుప్పు, విషం. బ్రష్షుతో దులపవద్దు, నోటితో ఊదవద్దు. చేతికి తొడుగులు, ముక్కుకు మంచి మాస్కు వేసుకుని తడిగుడ్డతో తుడవండి. ఆ గదిలో టీ కూడా వద్దు. మా రోజుల్లో అదే చేత్తో ఇడ్లీ తినేవాళ్లం, వద్దన్నవాడు లేడు.

రోలర్ల మీద ఉన్నది జిగురు, మొలాసిస్ కలిపి పోసిన పోత. మన వేసవికి అది కరగక మానదు. పోత గీకేయండి కానీ లోపలి ఇనుప కడ్డీలు పారేయకండి. ఆఫ్‌సెట్ రోలర్లకు రబ్బరు వేసేవాళ్లు చెన్నైలో ఉన్నారు, మెత్తటి రబ్బరు అడగండి. రోలరు చివర్లలోని చిన్న చక్రాల వ్యాసం రోలరు వ్యాసంతో సరిపోవాలి. తేడా వస్తే రోలరు దొర్లకుండా ఈడ్చుకుపోతుంది, అక్షరాల అంచుల్లో సిరా పేరుకుంటుంది.

నూనె రంధ్రాల్లో కిరోసిన్ పోసి నాననిచ్చి, సన్నని తీగతో మురికి తీయండి. మోటారు అప్పుడే బిగించవద్దు, కొంతకాలం కాలితోనే తొక్కండి. యంత్రం మూసుకునేలోపు చేయి ఎప్పుడు వెనక్కి తీయాలో ఒంటికి తెలియాలి. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

తెలుగుకు గుణింతాలు, వత్తులు కలిపి వందల రకాల సీసపు అక్షరాలు కావాలి. మీ కేసుల్లో అన్నీ ఉంటాయని నమ్మను. లేనివాటికి కంప్యూటర్‌లో కంపోజ్ చేసి పాలిమర్ ప్లేటు (అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండే ప్లాస్టిక్ పలక) తీయించండి. దాని కింది దిమ్మతో కలిపి ఎత్తు సీసపు అక్షరాలతో సమానంగా 0.918 అంగుళాలు రావాలి.

నార_కాగితం, నెల్లూరు

సుబాబుల్ వద్దండీ. మిల్లులు వాడేది కలప. దాని పోగులు పొట్టివి, రసాయనాలతో పీడనంలో ఉడికిస్తే తప్ప గుజ్జు కాదు. వాషీకి కావలసింది బెరడు లోపలి నార. 2014లో యునెస్కో గుర్తించిన సెకిషు-బాన్షి, హోన్-మినోషి, హోసోకావా-షి అనే వాషీ రకాలు మూడూ కోజో అనే మొక్క నారతో చేసేవే. ఆ పోగు సుమారు సెంటీమీటరు పొడవుంటుంది, అందుకే అంత పల్చటి కాగితం కూడా చిరగదు. మీరు గోగునారతో మొదలుపెట్టండి. పోగు అంత పొడవుండదు, నేర్చుకోవడానికి చాలు. పట్టు రైతుల దగ్గర మల్బరీ కొమ్మలు దొరికితే ఇంకా మేలు, కోజోదీ అదే కుటుంబం.

కొమ్మలకు ఆవిరి పట్టి బెరడు వలిచి, పై నల్ల పొర గీకేయాలి. తెల్ల నారను సోడా యాష్ నీళ్లలో, వేళ్లతో లాగితే విడిపోయేదాకా ఉడికించాలి. కడిగి, మచ్చలు ఏరి, కొయ్య సుత్తితో దంచండి. మిక్సీ జోలికి పోవద్దు, పోగులు తెగుతాయి.

అసలు కిటుకు నేరి అనే జిగటలో ఉంది. దాన్ని తొరోరో-అవోయి వేరు నుంచి తీస్తారు, ఆ మొక్క మన బెండకు చుట్టం. అది అంటించడానికి కాదు. పోగులను నీళ్లలో తేలేలా ఉంచుతుంది, కాగితం ఎత్తే వెదురు తెర నుంచి నీరు మెల్లగా దిగేలా చేస్తుంది. తడి కాగితాలను మధ్యలో గుడ్డ లేకుండా దొంతరగా పేర్చి, నొక్కి, తరువాత ఒక్కొక్కటిగా విడదీయగలిగేదీ దానివల్లే. వేడికి ఆ జిగట చచ్చిపోతుంది. జపాన్‌లో చలికాలమే దీనికి అదను, కాబట్టి మే నెల మరిచిపోండి. మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ నీళ్లు పట్టి ఉంచుకుని మార్గశిరం, పుష్యంలో తెల్లవారుజామున పని పెట్టుకోండి. బోరు నీళ్లలో ఇనుముంటే కాగితం రంగు మారుతుంది. జిగటకు ముదురు బెండకాయలు నానబెట్టి వడగట్టి చూడండి.

కావలి_ట్రెడిల్

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ తెరను పట్టి ఉంచే చట్రం ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్లతో చేయిస్తే?

పాత_కంపోజిటర్, ఒంగోలు

చట్రానికి మీ వీధి వడ్రంగి చాలు. కష్టమంతా వెదురు తెరది. పుల్లలన్నీ ఒకే మందంలో చీల్చగల మేదరివారిని వెతకండి. ఆ కాగితం మీద అక్షరం లోతుగా దిగాలని మోజుపడకండి, కాగితం వెనక పెట్టే ప్యాకింగ్ గట్టిగా, ఒత్తిడి తేలికగా ఉంచండి. మొదటి ప్రూఫు ఫోటో ఇక్కడ పెట్టండి, తప్పులు నేను దిద్దుతాను.