గింజలు తింటే పండ్లు మానేయొచ్చా?

ప్రశ్న: రోజూ పొద్దున్నే గుప్పెడు గుమ్మడి గింజలు, రెండు చెంచాల అవిసె గింజలు తింటున్నాను. ఇక పండ్లు మానేసినా పర్లేదా?

జవాబు 1: 100 గ్రాముల లెక్కన చూస్తే గింజలదే పైచేయి, గుమ్మడి గింజల్లో దాదాపు 30 గ్రాముల ప్రొటీన్, 550 కేలరీల దాకా ఉంటే ఆపిల్‌లో 50 కేలరీలే, ఎందుకంటే అందులో 85 శాతం నీళ్లే కదా. కానీ ఒక్కపూట 100 గ్రాముల గింజలు ఎవరు తింటారండీ?

జవాబు 2: విటమిన్ సి సంగతి మర్చిపోయారు. ఎండు గింజల్లో అది దాదాపు ఉండదు, నారింజలో బోలెడు. పండ్లు మానకండి.

జవాబు 3: అవిసె గింజలు పొడి కొట్టుకుంటున్నారా, అలాగే మింగేస్తున్నారా? పైపొట్టు గట్టిది, నమలకపోతే చాలావరకు వెళ్లినవి వెళ్లినట్టే బయటికొచ్చేస్తాయి. నేను ఆరు నెలలు అలాగే మింగాను, తెలిశాక నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

ప్రశ్న అడిగినవారు: అయ్యో, నేనూ మింగేస్తున్నానండీ! రేపే మిక్సీ తీస్తా.