ఏరియేటర్ షాఫ్టుకి 304 చాలా, 316 పెట్టాలా?

కావలి లేత్ షాపు:
అన్నలందరికీ నమస్తే. అల్లూరు వైపు నుంచి రొయ్యల గుంటల ఆసామి ఒకాయన ఏరియేటర్ (తెడ్లతో నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రం) షాఫ్టులు చేసిమ్మని వచ్చాడు. 2 హెచ్‌పీ మోటారు, 25 మిల్లీల రాడ్డు. పాతవి తెచ్చి చూపించాడు. నైలాన్ బుష్ (షాఫ్టు తిరిగే ఆధారపు గొట్టం) కూర్చునే చోట చిన్న చిన్న గుంటలు పడి ఎర్రగా తినేసింది, ఒకటి సరిగ్గా అక్కడే తెగింది. అమ్మినవాళ్లు 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అనే చెప్పారంట. అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోలేదు. మరి ఎందుకు తెగినట్టు? ఆయనేమో ఈసారి 28 మిల్లీలు వెయ్యి అంటున్నాడు. అంతకన్నా మంచి గ్రేడు 316 అంటే రేటు విని వెనకాడుతున్నాడు. ఏం వేస్తే రేపు నాకు మాట రాకుండా ఉంటుంది?

ఇందుకూరుపేట రైతు:
మా గుంటల్లో అన్నీ 304 షాఫ్టులే అన్నా, ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. మాది బోరు నీళ్లు, సెలినిటీ (ఉప్పదనం) 1 పీపీటీ, అంటే లీటరుకి ఒక గ్రాము ఉప్పు కూడా దాటదు. 316 అవసరం లేదనే నా మాట.

ఒంగోలు ఫ్యాబ్రికేషన్:
రైతు అన్న చెప్పింది ఆయన గుంటకి నిజం. అల్లూరు ఆసామి గుంటకి నిజం కావాలని లేదు. తమ్ముడూ, గ్రేడు సంగతి తర్వాత, ముందు ఆ నీళ్ల సెలినిటీ ఎంతో అడుగు. స్టీలుని తినేది ఉప్పులోని క్లోరైడు. సముద్రం నీళ్లు 35 పీపీటీ ఉంటే అందులో క్లోరైడు లీటరుకి దాదాపు 19 గ్రాములు. అంటే సెలినిటీలో సగం పైచిలుకు క్లోరైడే. 10 పీపీటీ గుంటలో క్లోరైడు ఐదున్నర వేల పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) ఉన్నట్టు. మామూలుగా చెప్పుకునే లెక్క ప్రకారం 304 సుమారు 200 పీపీఎం దాకా, 316 సుమారు 1000 దాకా నిశ్చింత. దాటిన రోజే పాడైపోతుందని కాదు, దాటాక కనిపెట్టుకుని ఉండాలి.

ఇంకో తిరకాసు ఉంది. షాఫ్టు నీళ్లలో మునిగి ఉండదు, పైన ఉండి చిమ్మిన నీళ్లకి తడుస్తుంది, ఎండకి ఆరుతుంది. బుష్‌కీ రాడ్డుకీ మధ్య సందులో చేరిన నీళ్లు ఆరేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది. నువ్వు గుంటలో కొలిచింది 10 అయినా ఆ సందులో ఎంతో ఎక్కువ ఉంటుంది. పైగా అక్కడికి గాలి ఆడదు. స్టెయిన్‌లెస్ స్టీలు మీదుండే సన్నటి క్రోమియం ఆక్సైడ్ పొరకి దెబ్బ తగిలితే మళ్లీ కట్టుకోవడానికి ఆక్సిజన్ కావాలి. అది అందదు. అందుకే రాడ్డంతా తళతళలాడుతుంటే బుష్ కిందే తినేస్తుంది.

28 మిల్లీలు వేస్తే తెగదనేది నేను ఒప్పుకోను. లెక్క చూడు. 2 హెచ్‌పీ అంటే 1.5 కిలోవాట్లు. గేర్‌బాక్స్ దాటాక నిమిషానికి 100 చుట్లు అనుకుంటే మొత్తం టార్క్ (తిప్పే బలం) 143 న్యూటన్ మీటర్లు, రెండు వైపులా పంచితే ఒక్కో షాఫ్టుకి 70 చిల్లర. 25 మిల్లీల రాడ్డులో దానివల్ల వచ్చే షియర్ స్ట్రెస్ (మెలితిప్పే ఒత్తిడి) 23 మెగాపాస్కల్స్ దగ్గరే. మామూలు 304 రాడ్డు యీల్డ్ (మళ్లీ యథాస్థితికి రాకుండా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 205. తెడ్ల బరువుకి వచ్చే వంపు కలిపినా బలం చాలకపోయే ప్రశ్నే లేదు. అసలు సంగతి ఏంటంటే రాడ్డు మీద తినేసిన ఆ చిన్న గుంట అంచు దగ్గర పగులు మొదలవుతుంది. షాఫ్టు తిరిగే ప్రతి చుట్టుకీ ఒకసారి అటూ ఇటూ వంగుతుంది కదా, రోజంతా నడిస్తే 1,44,000 సార్లు. తెగిన ముక్క నీ దగ్గరుంటే ముఖం చూడు, ఒక అంచు నుంచి వంపు గీతలుగా నునుపుగా సాగి చివర్లో గరుకుగా ఉంటే ఇదే కథ.

ఇక అయస్కాంతం. దాన్ని నమ్మొద్దు. నికెల్ తక్కువుండే 202 గ్రేడుకి కూడా అంటుకోదు. బజార్లో ‘నాన్ మాగ్నెట్’ అని 304 పేరుతో అంటగట్టేది ఎక్కువగా ఆ 200 సిరీసే. 304లో నికెల్ కనీసం 8 శాతం ఉండాలి, 202లో 4 నుంచి 6, మిగతాది మాంగనీసుతో సర్దుతారు. ‘జే ఫోర్’ అని వచ్చే రకంలో నికెల్ ఇంకా తక్కువ. అయస్కాంతంతో తేలేది 400 సిరీస్, మైల్డ్ స్టీలు మాత్రమే. లోహంలో ఏమేం కలిసాయో ఎక్స్‌రేతో చూపే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ను ఉన్నచోట ముక్క చూపిస్తే నిమిషంలో చెప్తారు. అది కార్బన్ చూపించదు కాబట్టి 316కీ, కార్బన్ తక్కువుండే 316ఎల్‌కీ తేడా మాత్రం దాంట్లో తెలియదు. దానికి స్టీలు మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్టే దిక్కు.

కావలి లేత్ షాపు:
థాంక్స్ అన్నా. ఫోన్ చేసి అడిగాను, ఎండాకాలం పంటకి సెలినిటీ 18 దాకా పోతుందంట. 316 అయినా తినదా? లేత్ మీద కోయడానికి 303 సులువని మా కుర్రోడు అంటున్నాడు, అది పనికొస్తుందా?

ఒంగోలు ఫ్యాబ్రికేషన్:
303 ఊసెత్తొద్దు. చిప్ సులువుగా తెగాలని అందులో గంధకం కలుపుతారు, ఉప్పు నీళ్లకి మొదట దొరికేది ఆ సల్ఫైడు చుక్కలే. వెల్డింగుకీ పనికిరాదు. 316 కోసేటప్పుడు పదునైన కార్బైడ్ ఇన్సర్టు పెట్టి, కూలెంట్ ధారగా వదిలి, ఫీడ్ ఆపకుండా పో. టూలు ఒకేచోట రుద్దుకుంటే పైపొర గట్టిపడి ఇంక దిగదు.

18 అంటే క్లోరైడు దాదాపు పదివేలు. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంది కాబట్టి 304 కన్నా బాగా నిలుస్తుంది, అసలు తినదని మాత్రం రాసివ్వకు. అంత ఉప్పుకి సరైనది 2205 డ్యూప్లెక్స్. క్రోమియం 22, మాలిబ్డినం 3, యీల్డ్ 304కి రెట్టింపు. చిన్న ఆర్డరుకి రాడ్డు దొరకడమే కష్టం, చెన్నైలో అడిగి చూడు. దొరక్కపోతే 316ఎల్ వెయ్యి.

ఇందుకూరుపేట రైతు:
316 రేటు ఒకటిన్నర రెట్లు ఉంటుంది కదన్నా. రొయ్యల కౌంటు రేటు (కిలోకి ఎన్ని తూగుతాయో చూసి కట్టే ధర) పడిపోయిన ఏడు రైతు ఎక్కడ పెడతాడు?

ఒంగోలు ఫ్యాబ్రికేషన్:
అన్నీ మార్చమనట్లేదు అన్నా. ఫ్రేము 304లో ఉంచుకోవచ్చు, దానికి మరకలు పడినా తెగిపోదు. డబ్బు షాఫ్టుకీ బోల్టులకీ పెట్టండి. మీటరు 25 మిల్లీల రాడ్డు 3.9 కిలోలు, తేడా ఎంతో మీరే వేసుకోండి. బోల్టు తల మీద ఏ4 అని ఉంటే 316 రకం, ఏ2 అంటే 304. స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద పట్టేస్తుంది కాబట్టి యాంటీసీజ్ గ్రీజు రాయకుండా బిగించొద్దు. పట్టుబడి అయ్యాక ఏరియేటర్లు గట్టు మీదకి లాగి ఉప్పుతోనే వదిలేస్తారు, అది మానండి. బుష్ విప్పి మంచినీళ్లతో కడగాలి. బ్లీచింగ్ చల్లిన నీళ్లలో నడిపినప్పుడు ఇంకా ముఖ్యం, క్లోరిన్‌కి 316 కూడా లొంగుతుంది.

తమ్ముడూ, నీకు మాట రాకూడదంటే కీవే (తాళం ముక్క కూర్చునే గాడి) మూలలు కత్తిలా వదలకుండా కొద్దిగా గుండ్రం చెయ్యి, బుష్ కూర్చునే చోట పాలిష్ పట్టు. ఫ్లాంజ్ వెల్డ్ చేస్తే 316ఎల్ ఫిల్లరే వాడి, నీలం రంగు పోయేదాకా శుభ్రం చెయ్యి. మైల్డ్ స్టీలు రుద్దిన గ్రైండింగ్ వీలు దాని మీద పెట్టకు. బిల్లు మీద ఉత్త ‘ఎస్ఎస్ రాడ్’ అని కాకుండా 316ఎల్, ఏఎస్‌టీఎం ఏ276 (స్టెయిన్‌లెస్ రాడ్ల ప్రమాణం), హీట్ నంబరు (ఆ స్టీలు కరిగించిన బ్యాచ్ నంబరు) రాయించుకో. రాడ్డు దిగగానే చివర కొట్టిన నంబరు సర్టిఫికెట్‌తో సరిచూసుకో. ముక్కలు కోసేటప్పుడు నంబరున్న చివర ఆఖర్న వాడు.