ఒక సెక్షన్‌కు కొత్త పద్ధతి, ఇంకో సెక్షన్‌కు పాతది: ఇది పరిశోధనా, అన్యాయమా?

సుద్దముక్క:
తొమ్మిదో తరగతికి ఫిజిక్స్ చెబుతాను. 'ఏ', 'బి' రెండు సెక్షన్లూ నావే. ఈ టర్మ్ అంతా 'ఏ' సెక్షన్‌లో క్లాసు మొదలవగానే పుస్తకాలు మూయించి, కిందటి పాఠం మీద మూడు ప్రశ్నలకు జవాబులు రాయించాను. మార్కులు లేవు, ఎవరిది వాళ్లే దిద్దుకోవడం. బి సెక్షన్‌లో ఆ కాసేపూ కిందటి పాఠాన్ని నేనే మళ్లీ చెప్పేదాన్ని. టర్మ్ మొదట్లో ఒక పరీక్ష, చివర్లో అదే పరీక్ష, రెండు సెక్షన్లకూ. 'ఏ' సెక్షన్ మార్కులు బాగా పెరిగాయి. హెడ్ గారు చూసి "రిపోర్ట్ రాసివ్వండి, వచ్చే టర్మ్ నుంచి అన్ని సబ్జెక్టుల్లోనూ పెట్టేద్దాం" అన్నారు. ఈ లెక్క చూపించి పద్ధతి పనిచేసింది అనొచ్చా?

గణాంకప్రియుడు:
అనకూడదు. ముందు వీటికి జవాబు చెప్పండి. సెక్షన్లు ఎలా విడగొట్టారు? మొదటి పరీక్షలో రెండింటి సగటూ దగ్గరదగ్గరగా ఉందా? ఎవరికి ఏ పీరియడ్? పేపర్లు ఎవరు దిద్దారు?

సుద్దముక్క:
కిందటేడాది మార్కుల్ని బట్టి విడగొట్టారు, బి లో టాపర్లు ఎక్కువ. మొదటి పరీక్షలో 'ఏ' సెక్షన్ సగటు తక్కువే. 'ఏ' కి పొద్దున రెండో పీరియడ్, బి కి భోజనం తర్వాత. పేపర్లు నేనే దిద్దాను, ఇంకెవరు దిద్దుతారండీ.

వెనకబెంచీ:
బి సెక్షన్ బ్యాచ్ తరఫున: భోజనం తర్వాత చెప్పిందే మళ్లీ చెబితే హాయిగా కునుకు పడుతుంది, అది ఏ రిపోర్ట్‌లోనూ రాయరు.

గణాంకప్రియుడు:
వెనకబెంచీ నవ్వులాటగా అన్నా పాయింట్ అదే. పెరిగింది ఆ మూడు ప్రశ్నల క్విజ్ వల్లా, పొద్దుటి పీరియడ్ వల్లా అని ఈ లెక్కలో విడదీయలేం. పైగా మొదట్లోనే నూటికి 85 వచ్చినవాడికి పెరగడానికి 15 మార్కులే మిగులుతాయి, 40 వచ్చినవాడికి 60 ఉంటాయి. అందుకే 1998లో అమెరికా ఫిజిక్స్ ప్రొఫెసర్ రిచర్డ్ హేక్ ఆరు వేలకు పైగా ఫిజిక్స్ విద్యార్థుల ఫలితాలు ఒక్కచోట పెట్టినప్పుడు ఉత్త పెరుగుదల చూడలేదు, పెరగడానికి ఉన్న ఖాళీలో ఎంత పెరిగారో చూశాడు. 40 నుంచి 70కి వెళితే మిగిలిన 60లో 30, అంటే 0.5. లెక్చర్ మాత్రమే విన్న కోర్సుల సగటు 0.23, విద్యార్థుల చేత ఆలోచింపజేసి చర్చింపజేసిన కోర్సుల సగటు 0.48. మీరూ అలా కట్టి చూడండి. కట్టినా అసలు చిక్కు పోదు. మీ దగ్గర ఎంతమంది పిల్లలున్నా పోలుస్తున్నది రెండే రెండు సెక్షన్లని. ఒకే గదిలో, ఒకే టీచర్ దగ్గర కూర్చున్నవాళ్లను విడివిడి మనుషులుగా లెక్కేయడానికి లేదు.

నల్లబల్ల:
ఇంతసేపు మాట్లాడారు, బి సెక్షన్ పిల్లల గురించి ఒక్కరూ అడగలేదు. చదివింది మళ్లీ చదవడం కంటే గుర్తు తెచ్చుకుని రాయడం మేలని 2006లోనే రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు చూపించారు. మంచిదని తెలిసీ టర్మ్ అంతా వాళ్లకు ఎందుకు ఇవ్వలేదు? పోల్చి చూడటానికి పాత పద్ధతిలోనే ఉంచేసి, కంట్రోల్ గ్రూప్ అని పేరు పెడితే సరిపోయిందా?

గణాంకప్రియుడు:
ఆ పరిశోధన కాలేజీ విద్యార్థులతో, చిన్న చిన్న వ్యాసభాగాలతో చేసింది నల్లబల్ల గారూ. అందులోనే ఇంకో సంగతి ఉంది. అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు. ఎప్పుడు కొలిచామనేదాన్ని బట్టి గెలిచేవాళ్లే మారిపోయారు. అది తొమ్మిదో తరగతి ఫిజిక్స్‌లో, ఈ టీచర్ చేతిలో పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న.

నల్లబల్ల:
మీకు ఎప్పుడూ "వేరే ప్రశ్న"లే. నా అనుభవం చెబుతాను వినండి. ఒకప్పుడు నేను పనిచేసిన బడికి బయటినుంచి ఒక బృందం వచ్చింది. ఏడాది పొడుగునా పాఠం మధ్యలో తలుపు తట్టడం, కాగితాలు పంచడం, పిల్లల చేత రాయించుకుని వెళ్లిపోవడం. మా బడి కంట్రోల్ గ్రూప్ అని ఏడాది చివర్లో గానీ మాకు తెలియలేదు. కొత్త పుస్తకాలు, టీచర్లకు శిక్షణ అన్నీ పక్క బడికి. సరే, ఫలితాలైనా చెబుతారని చూశాం. అడిగినప్పుడల్లా విశ్లేషణ జరుగుతోంది అనేవాళ్లు. ఇప్పటికీ జరుగుతూనే ఉందనుకుంటా. పిల్లల్ని వాడుకుని వదిలేసేదాన్ని పరిశోధన అంటే నేను ఒప్పుకోను.

మధ్యేమార్గం:
దీనికి దారి ఉందండీ. ఒక చాప్టర్‌కి 'ఏ' లో క్విజ్, బి లో పునశ్చరణ. తర్వాతి చాప్టర్‌కి తిప్పేయండి. ఎవరికీ ఏదీ పూర్తిగా తప్పిపోదు, ప్రతి సెక్షన్‌నీ దానితోనే పోల్చుకోవచ్చు. పేపర్ల మీద పేర్లు కప్పేసి, రెండు సెక్షన్లవీ కలిపేసి, ఇంకో టీచర్ చేత దిద్దించండి.

గణాంకప్రియుడు:
ఇప్పటిదాని కంటే చాలా నయం. కానీ ఒక చాప్టర్‌లో క్విజ్ అలవాటైన పిల్లలు రెండో చాప్టర్‌లో ఇంటి దగ్గర తమంతట తామే పుస్తకం మూసి రాసుకుంటారు. ఆ అలవాటును వెనక్కి తీసుకోలేం.

నల్లబల్ల:
పిల్లలకు మంచి అలవాటు అయితే మీ డిజైన్ చెడిపోతుందా?! ఇదండీ నేను మొదటినుంచీ అంటున్నది.

కొత్తటీచర్:
ఏది బాగా అర్థమైందో పిల్లల్నే అడిగితే పోదా?

మధ్యేమార్గం:
అడగండి గానీ దాన్నే కొలత అనుకోకండి. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో అదే చూశారు. కష్టపడి చేసే క్లాసులో కూర్చున్నవాళ్లకు నేర్చుకున్నది తక్కువ అనిపించింది, పరీక్షలో మాత్రం వాళ్లకే ఎక్కువ వచ్చింది. సాఫీగా సాగిన లెక్చర్ వింటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది.

గణాంకప్రియుడు:
నైతికత గురించి ఒక్కమాట. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో 1985లో మొదలైన స్టార్ ప్రయోగంలో పిల్లల్నీ టీచర్లనూ లాటరీ వేసి చిన్న క్లాసులకూ మామూలు క్లాసులకూ పంచారు. 79 బడులు, నాలుగేళ్లు. అందరికీ చిన్న క్లాసు ఇచ్చే స్తోమత లేనప్పుడు లాటరీ కంటే న్యాయం ఏముంది? నల్లబల్ల గారి బడికి జరిగింది మర్యాద లేని పని, కాదనను. ఏడాది తర్వాత అవే పుస్తకాలు వాళ్లకూ ఇచ్చి ఉండాల్సింది. అంతమాత్రాన పోల్చడమే తప్పంటే ఎలా? తన పద్ధతి పనిచేయలేదని రిపోర్ట్ రాసిన టీచర్‌ని నేను ఇంతవరకూ చూడలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు.

నల్లబల్ల:
ఓహో, మేం కాకులమా. మీరు క్లాసులో ఎన్నాళ్లు నిలబడ్డారు సార్? వెనక బల్ల మీద వాడు తల వంచుకుంటే అర్థం కాలేదో, ఇంట్లో గొడవో చెప్పగలరా మీ 0.48 చూసి?

గణాంకప్రియుడు:
నేను టీచర్‌ని కాదు, విద్యా కార్యక్రమాల మూల్యాంకనం నా ఉద్యోగం. టీచర్ల కళ్లమీద నమ్మకం పెట్టి లక్షల మంది పిల్లల మీద రుద్దిన పథకాలు చూశాను కాబట్టే ఇంత మొండిగా మాట్లాడుతున్నాను.

నల్లబల్ల:
రుద్దింది మేమా? అసలు సంగతి చెప్పనా. మా బడిలో ఇలాంటి "పెరుగుదల" పట్టికే ఒకటి మొదలైంది, సరదాగా, పాఠం మెరుగుపరచుకోవడానికి అన్నారు. మరుసటేడు అదే పట్టిక టీచర్ల మదింపులో కూర్చుంది. మా సెక్షన్ పిల్లలు తక్కువ పెరిగారని నా ఇంక్రిమెంట్ ఆగింది. అప్పటినుంచి స్టాఫ్ రూమ్‌లో ఎవరూ నిజం మాట్లాడలేదు, అందరూ మొదటి పరీక్ష కష్టంగా, చివరిది తేలిగ్గా పెట్టుకున్నారు. సుద్దముక్క గారూ, మీరు రాసివ్వబోయే కాగితం ఎక్కడికి పోతుందో ముందు అది అడగండి.

వెనకబెంచీ:
ఇన్ని పోస్టుల తర్వాత ఇప్పుడు బయటపడింది.

గణాంకప్రియుడు:
ఇది మొదటే చెప్పి ఉంటే బాగుండేది. ఆ వాడకాన్ని నేనూ ఒప్పుకోను. ఒక్క సెక్షన్ సగటు మీద టీచర్ జీతం తేల్చడం గణాంకాల పరంగా కూడా దారుణం. కానీ సుద్దముక్క గారి హెడ్ మిగతా సబ్జెక్టుల వాళ్లందరి మీదా ఒక పద్ధతి పెట్టబోతున్నారు. ఇంకొకరి క్లాసు గురించి నిర్ణయం చేసేటప్పుడు "నాకు పనిచేసింది" చాలదు.

సుద్దముక్క:
మీరిద్దరూ కొట్టుకుంటుంటే పేపర్లు మళ్లీ తీసి చూశాను. ఒక ప్రశ్న: పైకి విసిరిన బంతి కొసకు వెళ్లి క్షణం ఆగినప్పుడు దాని మీద ఏ బలం ఉంది? (గాలి సంగతి వదిలేయమని అందులోనే ఉంది.) మొదట్లో రెండు సెక్షన్లలోనూ చాలామంది "ఏ బలమూ లేదు, అందుకే ఆగింది" అని రాశారు. చివర్లో 'ఏ' సెక్షన్ దాదాపు అంతా "గురుత్వాకర్షణ" అని రాసింది, సగటు పెరిగింది ఇలాంటి చోట్లే. నిన్న అదే పిల్లల్ని నోటితో ఇంకోలా అడిగాను: చెయ్యి వదిలేశాక బంతి ఇంకా పైకి పోతున్నప్పుడు దాని మీద ఏయే బలాలున్నాయి? ముగ్గురు లేచి, "గురుత్వాకర్షణ, ఇంకా చేతి బలం" అన్నారు. ఒకడు "చేతి బలం అయిపోయేదాకా పోతుంది మేడమ్" అని వివరించాడు కూడా. కొస దగ్గరి జవాబు వచ్చింది, బలం అంటే ఏమిటో రాలేదు.

నల్లబల్ల:
అదీ పరిశోధన! ఏ కంట్రోల్ గ్రూప్ చెప్పింది మీకు ఇది?

గణాంకప్రియుడు:
ముగ్గురు పిల్లలండీ. అయితే ఆ రెండో ప్రశ్న బంగారం లాంటిది, దాన్ని పరీక్షలో చేర్చి బి సెక్షన్‌ని కూడా అడగండి. అక్కడా అలాగే అంటే క్విజ్ జవాబు నేర్పింది గానీ భావన నేర్పలేదని తెలుస్తుంది. చివరి పరీక్షకు అదే పేపర్ మక్కీకి మక్కీ వాడకండి.

సుద్దముక్క:
హెడ్ గారికి ఒక పేజీ రాస్తున్నాను. సగటులు ఇవ్వడం లేదు. రెండు చాప్టర్లు తిప్పి చేస్తాను, దిద్దేది కెమిస్ట్రీ మేడమ్, ఏ సెక్షన్‌లో ఎంత వచ్చిందన్నది మదింపులోకి పోదని రాతపూర్వకంగా ఇస్తేనే అని పెట్టాను. చివరి పరీక్ష సెలవులకు ముందు పెట్టనా, తర్వాతా?

గణాంకప్రియుడు:
తర్వాత. ముందుగా చెప్పకుండా.

నల్లబల్ల:
చెప్పకుండానా? పిల్లలకూ వాళ్ల ఇళ్లలోనూ చెప్పకుండా పరీక్ష పెడతారా?

మధ్యేమార్గం:
పరీక్ష ఉంటుందని ముందే చెప్పొచ్చు కదా, తేదీ మాత్రం చెప్పకుండా.

నల్లబల్ల:
ఆ తేదీ ఎవరు నిర్ణయిస్తారు? హెడ్ గారైతే నేను ఒప్పుకోను.