ఒరెగాన్ అడవి కింద ఉన్న ఆ పెద్ద ఫంగస్‌ని ఎందుకు వదిలేశారు?

శిరీష:
అమెరికాలో ఒరెగాన్‌లోని మాల్యూర్ నేషనల్ ఫారెస్ట్ కింద దాదాపు 9.6 చదరపు కిలోమీటర్ల మేర ఒకే ఫంగస్ పాకి ఉందట, పేరు ఆర్మిలేరియా. చెట్లను చంపుతుందని తెలిసినా అటవీశాఖ వాళ్లు దాన్ని ఎందుకు తీసేయరు? అసలు అదంతా ఒకటే జీవి అని ఎలా తేల్చారు?

రవి_మైక్రోబయాలజీ:
రెండోదానికి ముందు చెప్తాను. వేర్వేరు చెట్ల నుంచి తీసిన ఫంగస్ ముక్కల్ని ఒకే గాజు పళ్లెంలో పక్కపక్కన పెంచుతారు. ఒకే జీవివైతే ఆ ఫంగస్ దారాలు కలిసిపోతాయి, వేరైతే మధ్యలో గీతలా తేడా కనిపిస్తుంది. డీఎన్ఏ కూడా పోల్చి చూశారు. వయసు మాత్రం 1,900 నుంచి 8,650 ఏళ్ల మధ్య అంటారు. ఏడాదికి ఎంత పాకుతుందో అంచనా వేసి వెనక్కి లెక్కకట్టారు కాబట్టి అంత తేడా.

పోర్ట్‌లాండ్_వాసు:
అక్కడికెళ్లి చూస్తే కనిపించేది ఎండిన చెట్లే. వాటి మొదట్లో బెరడు ఊడదీస్తే లోపల తెల్లటి పొర, మట్టిలో బూట్ల లేసుల్లాంటి నల్లటి తాళ్లు. వాటితోనే ఒక వేరు నుంచి ఇంకో వేరుకి పాకుతుంది. పుట్టగొడుగులు శరత్కాలంలో వానలు పడ్డాక కొన్నాళ్లే.

ఇక తీసేయడం అంటారా, చచ్చిన చెట్ల మొద్దుల్లో, వేళ్లలో అది దశాబ్దాల పాటు బతికే ఉంటుంది, అంటే అన్ని వేళ్లూ తవ్వి తీయాలి, అంత పెద్ద అడవిలో అది అయ్యే పని కాదు. నాకు బాధ కలిగించేది వేరే విషయం. ఆ ప్రాంతంలో ఒకప్పుడు తరచూ వచ్చే చిన్న మంటలకు ఫర్ అనే సూదాకుల చెట్ల మొక్కలు చాలావరకు కాలిపోయేవి, పాండెరోసా పైన్ చెట్లు నిలిచేవి. మనుషులు ఆ పైన్‌లను నరికేశారు, మంటల్ని ఆపేశారు, దాంతో ఫర్ చెట్లు గుబురుగా పెరిగాయి, ఈ ఫంగస్‌కి తేలిగ్గా లొంగేవి అవే. నింద మొత్తం దాని మీద వేయడం అన్యాయం. పైగా అది చంపిన చెట్లలో వడ్రంగి పిట్టలు తొర్రలు చేసుకుంటాయి, ఖాళీ అయిన చోట ఎండ పడి కొత్త మొక్కలు లేస్తాయి.

శిరీష:
చెట్ల మధ్య తిండి పంచే నెట్‌వర్క్ అంటారే, అది ఇదేనా?

రవి_మైక్రోబయాలజీ:
కాదండి. అది మైకోరైజా అనే వేరే ఫంగస్, మన నర్సరీల్లో వ్యామ్ పేరుతో అమ్మేది అందులో ఒక రకం. వేళ్లతో కలిసి బతుకుతూ నీళ్లు, ఫాస్ఫరస్ అందించి చక్కెర తీసుకుంటుంది. కానీ దాని ద్వారా పెద్ద చెట్లు పిల్ల మొక్కల్ని పోషిస్తాయన్న మాట మీద శాస్త్రవేత్తల్లోనే గట్టి వాదన నడుస్తోంది, వీడియోల్లో చెప్పినంత ఖాయంగా నమ్మకండి.