డంకన్ రిటైరైన రోజున పిల్లలకు బోర్డు షాట్ నేర్పాలె, మా బోర్డేమో ఊగుతున్నది

పానగల్_21:
జులై 11 వస్తున్నది. 2016లో ఆ రోజే బాస్కెట్‌బాల్ ఆటగాడు టిమ్ డంకన్ ఆట నుంచి తప్పుకున్నడు. అమెరికా లీగ్ ఎన్‌బీఏల 19 సీజన్లు ఒక్క శాన్ ఆంటోనియో స్పర్స్ టీమ్‌కే ఆడిన మనిషి. ఊరూరా వీడ్కోళ్లు లేవు, ప్రెస్ మీట్ లేదు, టీమ్ ఒక ప్రకటన ఇచ్చింది, అంతే. అసొంటి ఆటగాడి పేరు మీద ఉపన్యాసాలు పెట్టుడు కన్నా, ఆయన బోర్డు షాట్‌ను, అంటే బంతిని రింగు వెనక బోర్డుకు తాకించి రింగుల వేసుడును, నల్లగొండ పిల్లలకు ఒక పొద్దు కూసోబెట్టి నేర్పుదామని అనుకుంటున్నం. 13 నుంచి 16 ఏళ్లోళ్లు ఇరవై మంది, స్కూల్ గ్రౌండ్‌ల రెండు రింగులు, ఆరు బంతులు.
ఎక్కడ నిలబెట్టాలె, బోర్డు మీద ఎక్కడ కొట్టమనాలె? ఒక దిక్కు ప్లైవుడ్ బోర్డు ఊగుతది, బంతి తాకంగనే చచ్చినట్టు కిందికి జారుతది. దాన్నేం చేయాలె? ఫ్లెక్సీ మీద ఏం రాయాలె?

దేవరకొండ పీఈటీ:
మంచి పని తమ్మీ. జాగా కొలిచి సుద్దతో గుర్తు పెట్టు, అందాజగా నిలబెట్టకు. రింగు నడిమి నుంచి దారానికి బోల్టు కట్టి వేలాడదియ్యి. అది నేలకు తగిలిన చోట నుంచి బేస్‌లైన్‌కు (బోర్డు దిక్కు కోర్టు ఆఖరి గీతకు) సమానంగా పక్కకు 2 మీటర్లు, అక్కడి నుంచి కోర్టు లోపలికి 2 మీటర్లు. అదే 45 డిగ్రీల జాగా, రింగుకు 2.8 మీటర్ల దూరం ఉంటది. రింగును చూసుకుంట నిలబడితే ఎడమ దిక్కు ఒకటి, కుడి దిక్కు ఒకటి పెట్టు. డంకన్‌కు ఎడమ దిక్కంటే ప్రాణం, ముందు అదే మొదలుపెట్టు.
బంతి తాకాల్సింది డబ్బా (రింగు పైన బోర్డు మీద గీసిన చతురస్రం లాంటి గీతలు) పైమూల దగ్గర, ఆటగాడు నిలబడ్డ దిక్కు మూల. సరిగ్గా మూల గీత మీద కాదు, జర లోపలికి. ఆ జాగా నుంచి కొడితే బోర్డు నడి మధ్య నుంచి జానెడు పక్కకు తాకితే బంతి రింగు నడిమిట్ల పడ్తది. అక్కడ రంగు టేప్ ముక్క అంటించు. పిల్లలు రింగును చూసుడు బంద్ చేసి టేప్‌ను చూడాలె. సగం తప్పులు అక్కడే పోతయి.
మిగిలినయి బంతి పడ్డ చోటే చెప్తది. ఎడమ నుంచి కొట్టినప్పుడు రింగు అవతలి అంచు దాటిందంటే బోర్డు నడిమికి దగ్గరగా తాకినట్టు. ఇవతలి అంచుకే కొట్టుకున్నదంటే తాకుడు మరీ బయటికి పోయినట్టు. తాకుడు సరిగ్గానే ఉండి కూడా పక్కకు తిరిగిపోతున్నదా, కుడి చేత్తో కొట్టేటోళ్లకైతే ఎడమ చెయ్యి బొటనవేలు చూడు. అది బంతిని నెడుతుంటది. మణికట్టు వదిలినప్పుడు బంతి వెనక్కి తిరగాలె, ఆ తిరుగుడే బోర్డుకు తాకంగనే బంతిని కిందికి, రింగులకు తెస్తది.
కాళ్ల పని మాత్రం తొందరపడి దాటెయ్యకు. డంకన్ వీపు రింగుకు పెట్టి బంతి అందుకుంటడు, ఒక కాలు పివట్ చేసి, అంటే నేలకు ఆనించి దాని మీదనే తిరుగుతడు, రెండో కాలు అరడుగు ముందుకేసి డిఫెండర్‌ను (అడ్డుకునేటోన్ని) చూస్తడు. వాడు వెనక్కి జరిగితే షాట్. పిల్లలు తిరుగుకుంటనే ఎగురుతరు, భుజాలు ఇంకా పక్కకే ఉంటయి, షాట్ వంకర పోతది. "తిరుగు, ఆగు, చూడు, ఎగురు" అని నోటితో పలికించు. ముందు ఎగరకుండ దిక్కుకు పది షాట్లు, తర్వాత ఎగిరి పది, డిఫెండర్‌ను ఆఖరికి పెట్టు. ఆడపిల్లలకు 6 సైజు బంతి ఇయ్యి. పెద్దదైన 7 సైజుతో భుజం మీద బలం పెట్టి తోస్తరు, చెయ్యి తీరు చెడుతది.

పాలమూరు వెల్డింగ్:
అన్నా, బోర్డు సంగతి. ఊగే బోర్డు బంతి వేగాన్ని తాగేస్తది. బంతి బయటికి రాకుండ బోర్డును రాసుకుంట రింగు వెనక అంచు మీద పడ్తది. పిల్లలు అది చూసి గట్టిగ కొట్టుడు నేర్చుకుంటరు, మంచి బోర్డు దగ్గరికి పోయినంక అన్నీ అవతల పడ్తయి. కాబట్టి షాట్ కన్నా ముందు ఇది చూసుకో.
నిచ్చెన వేసి రింగు ప్లేటు బోల్టులు చూడు. మీ దగ్గర రింగు వట్టి ప్లైవుడ్‌కే బిగించి ఉంటది, వెనక ఇనుప ఫ్రేమ్ దాకా పోయి ఉండదు. పిల్లలు రింగుకు వేలాడిన కొద్దీ ఆ తూట్లు పెద్దగైతయి. డబ్బా వెనక అడ్డంగా రెండు ఇనుప యాంగిళ్లు ఫ్రేమ్‌కు వెల్డ్ చేయించి, పొడుగు బోల్టులతో రింగు, బోర్డు, యాంగిల్ మూడూ కలిపి బిగించు. ప్రతి బోల్టుకు స్ప్రింగ్ వాషర్, దాని మీద నట్టు, పైన ఇంకో నట్టు. ఒక్క నట్టే పెడితే అదురుకు వదులైతది.
ప్లైవుడ్ అంచులు ఉబ్బి పొరలు లేచినయంటే ఆ బోర్డు పని అయిపోయింది, ఎంత బిగించినా అంతే. కొత్తది తెస్తే 19 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ తే, 1.80 బై 1.05 మీటర్లు. అంచులకు మూడు కోట్ల పెయింట్ పడాలె, వాన నీళ్లు పోయేది అక్కడి నుంచే. డబ్బా 59 బై 45 సెం.మీ., కింది గీత పై అంచు రింగుతో సమానం ఉండాలె. ఇది తప్పు గీస్తే పీఈటీ సార్ చెప్పిన టేప్ లెక్క కూడా తప్పుతది.
నేల నుంచి రింగు 3.05 మీటర్లు ఉన్నదా కొలువు. పాత కోర్టు మీద కొత్త కాంక్రీట్ పోసిన చోట రింగు ఎత్తు తగ్గిపోతది, ఎవరూ చూడరు.

మిర్యాలగూడ ఫార్వర్డ్:
ఫ్లెక్సీ చిన్నగ చేయించు అన్నా, అంకెలు తక్కువ పెట్టు. ఐదు ఎన్‌బీఏ టైటిళ్లు: 1999, 2003, 2005, 2007, 2014. దాని కింద ఒకే ఒక్క మ్యాచ్ రాయి. 2003 ఫైనల్స్ ఆరో మ్యాచ్, న్యూజెర్సీ నెట్స్ మీద 21 పాయింట్లు, 20 రీబౌండ్లు (తప్పిన షాట్ బంతి పట్టుడు), 10 అసిస్టులు (తోటోడు బుట్టల వేసేటట్టు బంతి అందిచ్చుడు), 8 బ్లాకులు (ఎదుటోళ్ల షాట్ ఆపుడు). పిల్లలు ఆ వరుస చూసి ఆగిపోతరు. ఒక మనిషి ఒక మ్యాచ్‌ల ఆటంతా చేసిండన్న మాట, పాయింట్లు ఒక్కటే కాదు.
ఇంకోటి నోటితో చెప్పు. సెయింట్ క్రోయ్ అనే చిన్న దీవి పిల్లగాడు, ముందు ఈతగాడు. 1989లో హ్యూగో తుఫాను అక్కడి ఈత కొలనును పాడుచేసింది. తొమ్మిదో తరగతిలో బాస్కెట్‌బాల్ పట్టిండు. మన దగ్గర పదమూడేళ్లొచ్చినా బంతి పట్టని పిల్లలు మస్తుమంది ఉంటరు, ఆలస్యమైందని పక్కన కూసుంటరు. వాళ్లు ఇనాల్సిన ముచ్చట ఇది. ఆయన డిగ్రీ పూర్తి చేసే దాకా నాలుగేళ్లు కాలేజీలోనే ఉండి, 1997లో డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ టీమ్‌లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కాడ) మొదటి పేరుగా పోయిండు. పక్కన నిలబడ్డ అమ్మానాన్నలకు ఈ మాట చెప్పు.

పానగల్_21:
యాంగిళ్ల పని ఈ ఆదివారమే పెట్టిస్త. జులై 11 పొద్దు వాన పడితే?

దేవరకొండ పీఈటీ:
జల్లైతే ఆపకు గని బోర్డును, బంతిని పొడి బట్టతో మాటిమాటికి తుడిపియ్యి. తడి బోర్డు మీద బంతి తిరుగుడు పట్టదు, జారి పొడుగ్గ పోతది, పిల్లలేమో చెయ్యి తప్పిందనుకుంటరు. కోర్టు మూలలకు పాచి ఉంటే ముందు రోజే బ్లీచింగ్ చల్లి, గట్టి బ్రష్‌తో రుద్ది కడిగియ్యి. పివట్ కాలు జారేది అక్కడే. నీళ్లు నిలిచినయంటే ఆ పొద్దు ఎగిరేది వద్దు, వరండాల వట్టి కాళ్ల పని చేయించు.