అడవి కీటకాల సేకరణకు రుసుముతో కూడిన పర్మిట్ అవసరమా?

ప్రశ్న:
అడవిలో సీతాకోకచిలుకలను, పెంకు పురుగులను పట్టేవారు రుసుము చెల్లించి పర్మిట్ తీసుకోవాలన్న ప్రతిపాదన తరచుగా వినిపిస్తోంది. వందల కొద్దీ గుడ్లు పెట్టే ఈ ప్రాణులకు వల పట్టుకున్న మనిషి వల్ల నిజంగా ముప్పు ఉందా, ఉంటే డబ్బు కట్టించుకున్నంత మాత్రాన అది తగ్గుతుందా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:
చాలా జాతులకు సేకరణ కన్నా ఆవాసం పోవడమే పెద్ద ముప్పు. ప్రపంచంలోకెల్లా పెద్ద సీతాకోకచిలుక అయిన క్వీన్ అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్ పాపువా న్యూగినీలో ఒక చిన్న ప్రాంతానికే పరిమితం. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉన్నందున అడవిలో పట్టినవాటి అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. అయినా దాని గొంగళిపురుగు తినే తీగ పెరిగే అడవిని కొట్టి ఆయిల్‌పామ్ వేస్తే ఆ నిషేధం ఏం కాపాడుతుంది?

దక్షిణాఫ్రికాలోని కోలోఫాన్ అనే పెంకు పురుగుల సంగతి వేరు. అవి ఎగరలేవు, కేప్ పర్వతాల్లో ఎత్తైన చోట్లనే బతుకుతాయి, కనుక ఒక శిఖరం మీద అంతరిస్తే పక్క శిఖరం నుంచి వచ్చి చేరేవి ఉండవు. పైగా అరుదైన కొద్దీ సేకర్తలు ఎక్కువ ధర పెడతారు, ఆ ధర పెట్టగలిగినవారికి పర్మిట్ రుసుము ఒక లెక్కలోది కాదు. అటువంటి జాతులకు పూర్తి నిషేధమే సరైనదని నా అభిప్రాయం.

సమాధానం 2:
ఎన్ని పట్టారన్నదానితో పాటు ఎలా పట్టారన్నదీ చూడాలి. స్టాగ్ బీటిల్ అనే పెంకు పురుగు లార్వాలు (పిల్ల పురుగులు) పుచ్చిన కలపలో ఏళ్ల తరబడి పెరుగుతాయి. ఒక్క పురుగు కోసం దుంగను చీల్చి వదిలేస్తే లోపలి తేమ ఆరిపోయి మిగిలినవన్నీ చస్తాయి. దుంగలు చీల్చరాదన్న షరతు పర్మిట్‌లో ఉంటే అది రుసుము కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

సమాధానం 3:
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక ఆందోళన చెప్పాలి. జర్మనీలో 63 రక్షిత ప్రాంతాల్లో ఎగిరే కీటకాల మొత్తం బరువు 27 ఏళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయిందని 2017లో లోకానికి తెలిసింది అక్కడి క్రేఫెల్డ్ నగరపు కీటక ప్రియుల సంఘం ఓపికగా పోగుచేసిన నమూనాల వల్లనే. భారీ రుసుము మొదట దూరం చేసేది ఇటువంటివారినే. అందుచేత అమ్మకానికి పట్టేవారి వద్దనే రుసుము తీసుకొని, దానిని ఆ ఆవాస రక్షణకే ఖర్చు చేయాలి. అధ్యయనం చేసేవారికి పర్మిట్ ఉచితంగా ఇచ్చి, పట్టిన ప్రతి కీటకం జాతి, చోటు, తేదీ తెలియజేయడాన్ని తప్పనిసరి చేస్తే, ఏ జాతిని ఎక్కడ పట్టనివ్వవచ్చో తేల్చడానికి కావలసిన ఆధారం దొరుకుతుంది.