ప్యాషన్ పట్టుకుని బతికినోళ్ళ దగ్గర మీరు నిజంగా నేర్చుకున్నదేంటి?

నైట్‌షిఫ్ట్_బాబు:
ఫ్రెండ్స్, నాది హైదరాబాద్‌లో సపోర్ట్ జాబ్. పాత వాల్వ్ రేడియోలు బాగుచేయడం అంటే పిచ్చి, ఆదివారం వస్తే సోల్డరింగ్ ఐరన్ వదలను, మా ఆవిడ తిట్లు మామూలే. ఈ మధ్య ఏ రీల్ చూసినా జాబ్ మానెయ్, ప్యాషన్ ఫాలో అవ్వు అని ఒకటే గోల, వినీ వినీ నాకూ రిజైన్ చేసేద్దామా అనిపిస్తోంది. కొటేషన్లు వద్దు బాబోయ్, నిజంగా అలా బతికినోళ్ళని చూసి మీకు పనికొచ్చిందేమైనా ఉంటే చెప్పండి.

ఆలేరు_పోరడు:
అన్నా, మా దిక్కు చింతకింది మల్లేశం సార్ ముచ్చట చెప్తా. పోచంపల్లి చీర నేసే ముందు ఆసు పోయాలె, అంటే దారాన్ని మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పుడు, ఒక్క చీరకి దాదాపు 9,000 సార్లు. వాళ్ళమ్మ లక్ష్మి గారికి భుజం నొప్పులు, అది చూడలేక మెషిన్ చేస్తా అని 1992లో మొదలుపెట్టిండు. సార్ చదివింది ఆరో తరగతే. పూర్తయ్యేసరికి 1999. ఈ మధ్యల ఏం తిని బతికిండు అనుకున్నవ్? హైదరాబాద్ వచ్చి కరెంటు పనికి కూలీకి పోయిండు, మిగిలిన పైసలతోని ఒక్కో పార్టు చేయించుకున్నడు. ఆఖరికి ఒక కదలిక కుదరక ఆగిపోతే, బాలానగర్‌ల పనికి పోయిన కాడ ఇంకేదో మెషిన్ తిరుగుడు చూసి ఐడియా తట్టిందంట. కూలి మానేసి ఇంట్ల కూసుంటే అది కనబడేదే కాదు కదా! 2017ల పద్మశ్రీ వచ్చింది గానీ నాకు మాత్రం ఆ బాలానగర్ ముచ్చటనే గుర్తుంటది.

కడప_కారం:
పైన తమ్ముడు చెప్పినట్టే మా సి.పి. బ్రౌన్ దొర కూడా. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం చేస్తానే వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చేయించినాడు, 1852లో తెలుగు నిఘంటువు. కడప బంగళాలో పండితుల్ని పెట్టుకుని జీతాలు సొంత డబ్బుతో ఇచ్చినాడు, చాలక అప్పులు కూడా చేసినాడు. నెల జీతం లేకుంటే ఆ పాత తాటాకు పుస్తకాలన్నీ చెదలు తినేసేవి. (ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరున లైబ్రరీ ఉంది, కడప వస్తే చూడు.)

ఖమ్మం_ఇల్లాలు:
అందరూ మగవాళ్ళ కథలే చెప్తున్నారు, పక్కన ఉన్నవాళ్ళ సంగతేంటి? మా వనజీవి రామయ్య గారు సైకిల్ మీద విత్తనాలు, మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' బోర్డుతో తిరిగేవారు, కోటి మొక్కలు నాటారని చెప్తారు, 2025 ఏప్రిల్‌లో పోయారు పాపం. ఆయనతో పాటు ఆయన భార్య జానమ్మ గారు కూడా ఆ పనిలోనే ఉన్నారు కాబట్టి నడిచింది. ఇంకోటి, మనకి కనపడేది నెగ్గినవాళ్ళే, ఇల్లు గుల్ల చేసుకుని చడీచప్పుడు లేకుండా పోయినోళ్ళ మీద ఎవరూ రీల్ చెయ్యరు. బాబూ, మీ ఆవిడని అడిగావా అసలు?

నైట్‌షిఫ్ట్_బాబు:
అడగలేదు అక్కా 😅 ఇవాళ అడిగా. ఈఎంఐ అయ్యేదాకా రిజైన్ మాటెత్తొద్దంది, కానీ బాల్కనీలో బెంచీ వేసుకోమంది, అదే ఎక్కువ నాకు. అయినా రాత్రి డ్యూటీ కాబట్టి మధ్యాహ్నాలు ఖాళీయే. సరే గానీ కోఠి గుజరాతీ గల్లీలో వాల్వులు ఇంకా దొరుకుతున్నాయా, ఎవరైనా ఈమధ్య వెళ్ళారా?